దుకాణం లెక్కలకూ ఇంట్లో సినిమాలకూ ఒకే ల్యాప్‌టాప్: ఎంతలో కొనాలి, ఎలా కట్టాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. రెడీమేడ్ బట్టల దుకాణం, జీఎస్‌టీ రెగ్యులర్ రిజిస్ట్రేషన్ ఉంది. దుకాణం ఖర్చులన్నీ పోను ఇంటికి నెలకు 38,000 వస్తుంది. ఇంటి ఖర్చు 24,000, బండి వాయిదా 6,500. బ్యాంకులో 85,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, క్రెడిట్ కార్డు ఉంది. పాత ల్యాప్‌టాప్ మొరాయిస్తోంది. ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు, జీఎస్‌టీ రిటర్నులు, బాబు చదువు, రాత్రిళ్లు సినిమాలు, ఇంతే మా వాడకం. సెకండ్ హ్యాండ్‌లో ఐ5 7200యూ చిప్ ఉన్న ల్యాప్‌టాప్ 18,000కి ఇస్తామంటున్నారు. ఆన్‌లైన్‌లో రైజెన్ 5 7520యూ 38,500 ఉంది. బరంపురం షాపులో ఐ3 1315యూ 42,000, అదే మోడల్ శ్రీకాకుళంలో 41,000. బరంపురం షాపు వాళ్లే 68,000 గేమింగ్ ల్యాప్‌టాప్ చూపించి, ఏదైనా పన్నెండు నెలల నో కాస్ట్ ఈఎంఐలో ఇస్తామన్నారు. ఏది కొనాలి? డిపాజిట్ తీసేయమంటారా?

జవాబు: డిపాజిట్ జోలికి వెళ్లకండమ్మా. ఇంటి ఖర్చు, బండి వాయిదా కలిపితే నెలకు 30,500. మూడు నెలలకు 91,500. అంటే ఆపద సొమ్ముగా ఉండాల్సిన దానికి మీ డిపాజిట్ ఇప్పటికే 6,500 తక్కువ. బట్టల వ్యాపారంలో దసరాకు, సంక్రాంతికి ముందు డబ్బంతా సరుకులో ఇరుక్కుంటుంది. ఆ నెలల్లో మీకు ఆసరా ఆ డిపాజిట్టే.

నెలకు మీ చేతిలో మిగిలేది 7,500. బరంపురంలో చూసిన 42,000ది వాయిదాల్లో కొంటే నెలకు 3,500 పోయి 4,000 మిగులుతుంది. 68,000ది అయితే నెలకు 5,667 కట్టాలి, మిగిలేది 1,833. ఒక్క నెల బేరాలు తగ్గినా కార్డు బిల్లు పూర్తిగా కట్టలేరు, అక్కడి నుంచి వడ్డీ మీద వడ్డీ. పైగా గేమింగ్ మెషీన్ బరువెక్కువ, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. మామూలు ల్యాప్‌టాప్ అడాప్టర్ 45 నుంచి 65 వాట్లుంటే దానిది సాధారణంగా 150 వాట్లు దాటుతుంది. ట్యాలీకి, సినిమాలకు విడి గ్రాఫిక్స్ కార్డుతో పనే లేదు. దాన్ని పక్కన పెట్టేయండి.

18,000దీ వద్దు. ఐ5 అని పేరుందే గానీ 7200యూ 2016 నాటి చిప్, రెండే కోర్లు (చిప్‌లో పని పంచుకునే భాగాలు). విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11ని మైక్రోసాఫ్ట్ ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం నుంచే అనుమతిస్తుంది. ఈ ఏడో తరం దాంట్లో అడ్డదారిన ఎక్కించి ఇచ్చే షాపులున్నాయి. నెట్ బ్యాంకింగ్, జీఎస్‌టీ లాగిన్లు ఉండే మెషీన్‌లో ఆ పని చేయకండి.

38,500దాని విషయంలో కొంచెం ఆగాలి, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. రైజెన్ 5 అనగానే ఐ3 కంటే మెరుగనిపిస్తుంది. ఈ 7520యూ మాత్రం పేరు గొప్ప ఊరు దిబ్బ. ఏఎండీ వాళ్ల ఈ నాలుగంకెల వరసలో మూడో అంకె చిప్ తరాన్ని చెబుతుంది. 7520లో అది 2, అంటే పాత జెన్ 2 డిజైన్, నాలుగు కోర్లు. 7530యూలో అది 3, అంటే జెన్ 3, ఆరు కోర్లు. ఒక్క అంకె తేడాతో రెండు వేరే సరుకులు. అంతకంటే పెద్ద ఇబ్బంది, 7520యూ మెషీన్లలో ర్యామ్ (తెరిచిన పనులను పట్టి ఉంచే మెమరీ) బోర్డుకే అతికించి వస్తుంది. 8 జీబీ కొంటే చివరిదాకా 8 జీబీయే. ట్యాలీ, బ్రౌజర్‌లో పది ట్యాబులు, వాట్సాప్ వెబ్ కలిసి తెరిస్తే 8 జీబీ ఇప్పుడే ఇరుకు. రెండు మూడేళ్లలో మళ్లీ ల్యాప్‌టాప్ కొనాల్సి వస్తే ఇప్పుడు మిగిలిన 3,500 ఏ మూలకు?

ఐ3 1315యూలో ఆరు కోర్లు, మీ పనికి దండి. అయితే ర్యామ్ స్లాట్ ఉందో లేదో మోడల్‌ని బట్టి మారుతుంది, షాపులోనే చూడాలి. డెమో పీస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కండి. స్లాట్స్ యూజ్డ్ దగ్గర '1 ఆఫ్ 2' అని, ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర 'సోడిమ్' అని ఉంటే రెండో ముక్క వేసుకోవచ్చు. 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే ఆ ర్యామ్ అతికించినది. అప్పుడు విడి స్లాట్ ఉందా అని అడిగి, కంపెనీ సైట్‌లో ఆ మోడల్ నంబరు కొట్టి చూసుకోండి. స్లాట్ లేదంటే ఈ మోడల్ కూడా వద్దు, ఉన్న మోడల్ చూపించమనండి. రెండో 8 జీబీ ర్యామ్ ముక్క ధర బిల్లు వేయించకముందే అడగండి, ర్యామ్ రేట్లు ఈమధ్య బాగా పెరిగాయి. ఫైళ్లు దాచే 512 జీబీ ఎస్‌ఎస్‌డీ విండోస్‌లో 476గా కనిపిస్తుంది. అది మోసం కాదు, లెక్కించే పద్ధతిలో తేడా.

సైజు 15.6 అంగుళాలే మంచిది. కారణం సినిమాలు కాదు, కుడివైపు ఉండే నంబర్ ప్యాడ్. 14 అంగుళాల వాటిలో అది దాదాపు ఉండదు, బిల్లులు కొట్టేవాళ్లకు అది లేకపోతే చెయ్యి విరిగినట్టే. స్క్రీన్ ఫుల్ హెచ్‌డీ, ఐపీఎస్ (ఏ వైపు నుంచి చూసినా రంగులు పెద్దగా మారనిది), మ్యాట్ (మెరవని) రకం కావాలి. లేచి నిలబడి పైనుంచి చూడండి, రంగులు వెలిసినట్టో నల్లబడినట్టో కనిపిస్తే అది ఐపీఎస్ కాదు. షట్టర్ తీసిన దుకాణంలో వీధి వెలుతురు పడుతుంది గనుక మెరిసే స్క్రీన్‌లో మీ ముఖమే కనిపిస్తుంది.

ఇక శ్రీకాకుళంలో వెయ్యి తక్కువన్న సంగతి. మీది జీఎస్‌టీ రెగ్యులర్ కాబట్టి ల్యాప్‌టాప్ మీద కట్టిన 18 శాతం పన్నులో దుకాణం వాటాకు క్రెడిట్ వస్తుంది. 42,000లో పన్ను 6,407. వాడకంలో 70 శాతం దుకాణానికే అనుకుంటే 4,485. ఇది చేతికొచ్చే నగదు కాదు, మీరు కట్టాల్సిన జీఎస్‌టీలో తగ్గుతుంది. ఒడిశాలో మీ జీఎస్‌టీ నంబరు 21తో మొదలవుతుంది, శ్రీకాకుళం షాపుది 37తో. అక్కడ కౌంటర్ మీద మామూలు బిల్లు కొడితే కేంద్రం వాటా సీజీఎస్‌టీ 9, ఆంధ్ర వాటా ఎస్‌జీఎస్‌టీ 9 శాతం పడతాయి. ఆ బిల్లు మీద ఒడిశా రిజిస్ట్రేషన్‌లో క్రెడిట్ రాదు. వెయ్యి మిగుల్చుకోబోయి 4,485 వదులుకున్నట్టు. మీ నంబరు, పర్లాకిమిడి చిరునామా వేసి, ఐజీఎస్‌టీ (వేరే రాష్ట్రానికి అమ్మినప్పుడు వేసే పన్ను) బిల్లుతో సరుకు మీ ఊరికే పంపుతామంటే అప్పుడు ఆలోచించండి. ఎక్కడ కొన్నా బిల్లు మీద మీ నంబరు ఉండాలి, ఆ బిల్లు జీఎస్‌టీ పోర్టల్‌లో మీకొచ్చే క్రెడిట్ల జాబితా, అంటే జీఎస్‌టీఆర్ 2బీలో కనిపించాలి. క్రెడిట్ తీసుకున్న పన్ను మీద ఆదాయపు పన్ను లెక్కల్లో తరుగుదల (వస్తువు విలువ ఏటా తగ్గించి చూపడం) చూపించకూడదు. ఇంటి వాటా ఎంతన్నది మీ ఆడిటర్‌తో ముందే తేల్చుకోండి.

నో కాస్ట్ ఈఎంఐకి ఖర్చు లేదనుకోకండి. బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు అమ్మేవాళ్లు ధరలో తగ్గిస్తారు. వడ్డీ ఏడాదికి 16 శాతం అనుకుంటే 42,000లో వడ్డీ భాగం సుమారు 3,424. దానిపై జీఎస్‌టీ 616 మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 199 అయితే పన్నుతో 235. మొత్తం 851. ఏడాది వాయిదాకు ఇది పెద్ద బరువేం కాదు.

కానీ ఒకేసారి కడితే ఎంతకిస్తారో కూడా అడగండి. బ్యాంకులో డిపాజిట్ మీద అప్పు తీసుకుంటే సాధారణంగా డిపాజిట్ వడ్డీకి ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది. 8.5 శాతం అనుకుని 42,000 పన్నెండు నెలల్లో తీరిస్తే వడ్డీ సుమారు 1,960, అంటే ఈఎంఐ కంటే 1,100 ఎక్కువ. కాబట్టి రొక్కం ధర 1,100కు మించి తగ్గితే డిపాజిట్ మీద అప్పు లాభం, తగ్గకపోతే ఈఎంఐ. అప్పు తీసుకున్నా డిపాజిట్ విరగదు. అయితే అప్పు తీరేదాకా ఆ మేరకు అది మీ చేతికి రాదని గుర్తుంచుకోండి. ఈఎంఐలోనూ కార్డు లిమిట్ 42,000 మేర బిగుసుకుపోతుంది. దసరా అమ్మకాల తర్వాత ముందే తీర్చేస్తే చాలా బ్యాంకులు ఫీజు వేస్తాయి.

వారంటీ విషయంలో ఒకే ఒక్క ప్రశ్న: మీ పిన్ కోడ్‌కి మనిషి ఇంటికొచ్చి బాగుచేస్తాడా, లేక ల్యాప్‌టాప్‌ని మీరే సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లాలా? కంపెనీ టోల్ ఫ్రీకి ఫోన్ చేసి కనుక్కోండి, షాపు మాట నమ్మకండి. షాపు సొంతంగా అమ్మే ప్రొటెక్షన్ ప్లాన్ అక్కర్లేదు. కంపెనీదే రెండో ఏడాది వారంటీ రెండు వేల లోపు వస్తే తీసుకోవచ్చు.

కొత్తది వచ్చాక ట్యాలీ డేటా బ్యాకప్ తీసి, పాత ల్యాప్‌టాప్‌లో లైసెన్స్ సరెండర్ చేసి, ఆ తర్వాతే కొత్తదాంట్లో యాక్టివేట్ చేయండి. పాతది ప్రాణం ఉండగానే ఈ పని అయిపోవాలి. అది పూర్తిగా ఆగిపోతే లైసెన్స్ కోసం ట్యాలీ సపోర్ట్ చుట్టూ తిరగాల్సి వస్తుంది.