శ్లాబుకు రంధ్రం పెడితే కారుతుందా?

ప్రశ్న: బెంగళూరు కె.ఆర్.పురంలో 20×30 సైటులో మా సొంతిల్లు. మూడు వైపులా పక్కవాళ్ల గోడలు మా గోడలకు ఆనుకునే ఉన్నాయి. వంటిల్లు పై అంతస్తులో వెనక మూలన, కిటికీ లేదు. ఎండుమిరపకాయల తాలింపు వేస్తే హాల్లో కూర్చున్నవాళ్లకూ దగ్గే. శ్లాబుకు రంధ్రం చేసి, పైపు వేసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగిస్తానని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. శ్లాబు జోలికి వెళ్తే వానకు కారుతుందని మావారు ఒప్పుకోవడం లేదు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, కె.ఆర్.పురం

జవాబు: మీవారి భయం ఉత్తదేం కాదమ్మా, కానీ దానికి మందుంది. నాకు నచ్చనిది ఎలక్ట్రీషియన్ చెప్పిన ఫ్యాన్.

రెక్కలున్న మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ గోడకు పెట్టుకునేది. అవతల ఖాళీ స్థలం ఉంటే బాగానే తోస్తుంది. దాని ముందు ఆరేడు అడుగుల పైపు, ఒక వంపు, పైన ఒక టోపీ పెట్టామంటే చప్పుడు వస్తుంది తప్ప పొగ కదలదు. పైపులోంచి పైకి పంపాలంటే లోపల బ్లోయర్, అంటే గాలిని గట్టిగా నెట్టే మోటారు ఉన్న చిమ్నీ కావాలి. గోడ దొరికే ఇంట్లో అయితే శ్లాబు ముట్టుకోవద్దనే చెప్తాను. మీకు మూడు వైపులా దారి లేదు కాబట్టి పైకి పోవడమే.

చిమ్నీ మూతి 6 అంగుళాలుంటే పైపు కూడా చివరిదాకా 6 అంగుళాలే ఉండాలి. ప్లంబరు తన దగ్గర మిగిలిన 4 అంగుళాల పీవీసీ ముక్క తగిలిస్తానంటే వద్దనండి. 4 అంగుళాల పైపులో గాలికి దొరికే దారి 6 అంగుళాల దాంట్లో సగం కూడా ఉండదు. పైగా పీవీసీ లోపల జిడ్డు పేరుకున్నాక పొయ్యి మంట ఎగిసిందంటే అది అంటుకుంటుంది. జీఐ (జింకు పూసిన ఇనుము) గానీ స్టీలు గానీ వేయించండి. మడతలు మడతలుగా సాగే అల్యూమినియం గొట్టం చిమ్నీ దగ్గర జానెడు కలపడానికి చాలు. అంతకుమించి వాడితే ప్రతి మడతలోనూ జిడ్డు నిలుస్తుంది.

ఇక శ్లాబు. సుత్తి, ఉలితో పగలగొట్టించవద్దు, చుట్టూ నెర్రెలు పడతాయి. నీళ్లు పోస్తూ డైమండ్ బిట్‌తో కోసే కోర్ కటింగ్ మనిషిని పిలవండి. 6 అంగుళాల పైపుకు 7 అంగుళాల రంధ్రం. బీముకు కనీసం అడుగు దూరం జరగాలి. గోడ దాటి బయటికి తేలిన శ్లాబులో అయితే అసలు వద్దు, అక్కడ బరువు మోసే కమ్మీలు పైభాగంలో ఉంటాయి. కమ్మీలు ఎక్కడున్నాయో చూసే మిషను తెమ్మనండి, వీలైనంత వరకు వాటి మధ్యలోకి రంధ్రం జరపండి. ఒకటి కంటే ఎక్కువ తెగేలా ఉంటే ఇంజినీరుకు చూపించాకే ముందుకు వెళ్లండి. లైట్ల కోసం శ్లాబులో వేసిన కరెంటు పైపులు కూడా ఉంటాయి. అందుకే ఆ లైన్లు ఎటు పోయాయో ముందే చూసుకుని, ఆ గదికి కరెంటు ఆపించి మొదలుపెట్టాలి. కోసే మిషనుకు కరెంటు ఇంకో గది లైను నుంచి తీసుకోవాలి.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. 5 అంగుళాల మందం శ్లాబులోంచి ఊడి పడే ఆ గుండ్రటి ముద్ద ఏడెనిమిది కిలోలు తూగుతుంది. కింద పలక పెట్టి, ఆనిక కట్టకపోతే పొయ్యిగట్టు గ్రానైటు రెండు ముక్కలవుతుంది. సిమెంటు బురదనీళ్లు కూడా ధారగా దిగుతాయి, గట్టంతా కవరు పరిపించండి.

మీవారు భయపడే చోటు పైనుంది. ఎండకు, బ్లోయర్ అదురుకు పైపు కదులుతూనే ఉంటుంది. దాని చుట్టూ సిలికాన్ రాసి వదిలేస్తే మొదటి ఏడాది బాగుంటుంది, తర్వాత అంచు విడిచి సన్నటి సందు పడుతుంది. కాబట్టి ముందు రంధ్రంలో ఒక జీఐ తొడుగు నిలబెట్టి, చుట్టూ సందులో గ్రౌటు, అంటే ఆరినా కుంచించుకుపోని సిమెంటు ముద్ద పోయాలి. మిద్దె మీద ఆ తొడుగు చుట్టూ 6 అంగుళాల ఎత్తున కాంక్రీటు గట్టు కట్టాలి. గట్టుకూ, చుట్టూ అడుగు మేర శ్లాబుకూ ఫైబర్ మెష్ పెట్టి వాటర్‌ప్రూఫ్ పూత రెండుసార్లు వెయ్యాలి. పొగపైపు ఆ తొడుగులోంచి వస్తుంది, దానికి గొడుగులా ఒక రేకు బిగించి గట్టు అంచు దాటించాలి. అప్పుడు పైపు కదిలినా నీటికి దారి దొరకదు. పూత ఆరాక చుట్టూ మట్టికట్ట వేసి నీళ్లు నిలిపి, ఒక రోజంతా కింద నిలబడి చూస్తూ ఉండమని మీవారికే చెప్పండి. వేసవి జల్లులు మొదలుకాకముందే, అంటే మార్చిలోపు ఈ పని ముగించుకోవడం మంచిది.

పైపు మూతి సోలార్ వాటర్ హీటర్ పలకలకూ బట్టల తీగకూ దూరంగా ఉండాలి, జిడ్డు అంతా వాటిమీదే కూర్చుంటుంది. సన్న జాలీ వద్దు, పావురాలు దూరకుండా అర అంగుళం గడుల జాలీ చాలు. గాలికి తిరిగే స్టీలు బంతి పెట్టమని ఎవరో ఒకరు చెప్తారు. గాలి లేని రోజు అది నిద్రపోతుంది, జిడ్డు పట్టాక ఎప్పుడూ లేవదు.

డిసెంబరు రాత్రుల్లో పైపు చల్లబడి ఆవిరి నీరై నూనెతో కలిసి వెనక్కి కారుతుంది. అందుకని పైపు నిలువుగా మలుపు తిరిగే చోట వంపు కాకుండా ఇంగ్లిష్ ‘T’ ఆకారపు జాయింటు వేసి, అడుగున విప్పే మూత పెట్టించండి. నెలకోసారి విప్పి తుడుచుకోవచ్చు. కిటికీ లేదన్నారు కాబట్టి, చిమ్నీ వేసినప్పుడు హాలు కిటికీ తెరవాలి. బయటి గాలి రానిదే లోపలి పొగ పోదు.

మరో మాట. మీ ఊళ్లో చాలామంది చేసినట్టు రేపు పైన ఇంకో అంతస్తు లేపి అద్దెకిచ్చే ఆలోచన ఉంటే, పైపు మెట్లగది గోడ వెంబడి వచ్చేలా ఇప్పుడే జరపండి. లేకపోతే అది అద్దెవాళ్ల హాలు నడుమ తేలుతుంది.

ప్రశ్న: యలహంకలో అద్దెకుంటున్నాను. ఓనరు గోడకు మేకు కూడా కొట్టనివ్వడు. పైపు అక్కర్లేని బొగ్గు ఫిల్టరు చిమ్నీ కొనుక్కోవచ్చా?
– ఒక పాఠకుడు, యలహంక

జవాబు: అది వాసన కొంత తగ్గిస్తుంది, వేడీ ఆవిరీ మాత్రం తిరిగి గదిలోకే వస్తాయి. ఫిల్టరు మారుస్తూనే ఉండాలి. దానికి మీరు పెట్టే డబ్బు దండగనే అంటాను. వంటింటి కిటికీలో ఒక అద్దం తీయించి, ఆ కొలతకు ప్లైవుడ్ కోయించి, 9 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించండి. తీసిన అద్దం గోనెసంచిలో చుట్టి దాచుకుంటే, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మళ్లీ బిగించి అడ్వాన్సు పూర్తిగా అడగొచ్చు.