ట్యాంకు ఓడెక్కాల్నంటె ముందుగాల కడగాలె

"ఇరాక్ నుంచి పోయేటప్పుడు అమెరికా అంత మిలిటరీ సామాన్ ఎట్ల వాపస్ తీస్కపోయింది? ఓడలల్ల ఎక్కిస్తె అయిపాయె గదా" అని అడిగిండ్రు. ఎక్కించుడు ఆఖరి పని అన్నా. ముందుగాల కడగాలె. కడిగినోళ్లల్ల నేనొకణ్ని.

మాది జగిత్యాల దిక్కు. 2011ల కువైట్‌ల ఉన్న. ఇరాక్ నుంచి బండ్లు రోడ్డు మీద వచ్చి ఆరిఫ్‌జాన్ క్యాంపుల ఆగేటియి, ఆన్నుంచి షుఐబా రేవుకు పోయేటియి. ఏజెంటు "స్టోర్ల హెల్పర్ పని" అని పైసలు గుంజిండు, తీరా పోతె చేతిల నీళ్ల పైపు వెట్టిండ్రు. ఆని సంగతి రాస్తె తెల్లారుతది, ఇడువున్రి.

అమెరికా వ్యవసాయ శాఖ రూలేందంటె, బయటి దేశం మన్ను, గింజ, పురుగు ఆళ్ల గడ్డ మీద వడొద్దు. పైపైన కడిగితె నడ్వది. బండిని ర్యాంపు ఎక్కించి, కిందికి దూరి ప్రెషర్ పైపుతోని కొట్టాలె. ట్యాంకు చైను పట్టీల నడుమ మన్నయితె సిమెంటు లెక్క.

ఒకనాడు నేను, సిరిసిల్ల పోరడొకడు కలిసి ఒక్క హమ్వీని, అంటె మిలిటరీ జీపును, పొద్దటి సంది కడిగినం. సాయంత్రం చెకింగ్ ఆయన వచ్చి, టార్చి పట్టుకొని కింద పండి, స్క్రూడ్రైవర్‌తోని ఒక సందుల గోకిండు. చిటికెడు మన్ను రాలింది. అరచేతిల వట్టుకొచ్చి మరీ చూపిచ్చిండు. మళ్ల మొదటి సంది కడుగుడే. "బొట్టు వెట్టుకుందామన్నా సాలది గదనే" అన్నడు పోరడు.

నాకైతె మా ఒడ్ల మీది వయ్యారిభామ యాదికొచ్చింది. 1950లల్ల అమెరికా గోధుమలతోనే ఆ గింజ మన దేశంల వడ్డదంటరు. మా నాయిన ఏండ్ల సంది పీకుతనే ఉన్నడు, చేతులు దురద తప్ప అది పోలె. నన్నడిగితె ఈ రూలు గప్పుడు మనం పెట్టాల్సింది, ఆళ్లకు.

2011 డిసెంబర్ 18న ఆఖరి కాన్వాయ్ ఇరాక్ దాటింది. టీవీలోళ్లు యుద్ధం ఖతం అన్నరు. మాకు కడుగుడు ఇంక ఒడువలె. 2021ల అఫ్గానిస్తాన్ ఇడిసిపెట్టేటప్పుడు అమెరికోళ్లు కాబుల్ ఎయిర్‌పోర్టుల 73 విమానాలను పనికిరాకుండ చేసి పోయిండ్రని విన్నప్పుడు, ఆడ పైపు పట్టెటోళ్లకు పని తప్పింది అనుకున్న.

నేను ఇంటికొచ్చిననాడు బూట్ల అడుగున ఆ మన్ను అట్లనే ఉండె. శంషాబాద్‌ల కార్టన్ ఇప్పి చూసిండ్రు గని, బూట్ల సంగతి ఎవ్వలు అడుగలె.