ప్రత్యేక విద్యలో ఎం.ఎడ్.: ముందు ఏం చదవాలి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. పెళ్లయ్యాక చెన్నై వచ్చి, వేళచ్చేరిలో ఉంటూ, తొమ్మిదేళ్లుగా ఒక ప్రైవేటు పాఠశాలలో మూడు, నాలుగు తరగతులకు పాఠాలు చెబుతున్నాను. ఎం.ఎస్సీ., మామూలు బి.ఎడ్. చేశాను. ఈ ఏడాది నా తరగతిలో ఇద్దరు పిల్లలు చదవడంలో, రాయడంలో బాగా వెనకబడ్డారు. వారిలో ఒక బాబు ఇంట్లో తెలుగే మాట్లాడతాడు. ఇలాంటి పిల్లలకు ఎలా చెప్పాలో నాకెవరూ నేర్పలేదని రోజూ బాధగా ఉంటోంది. ప్రత్యేక విద్యలో ఎం.ఎడ్. చేయాలనుకుంటున్నాను. నేరుగా చేరవచ్చా? ఉద్యోగం మానకుండా చదివే వీలుందా?
— ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: నేరుగా చేరడానికి వీల్లేదమ్మా. ప్రత్యేక విద్యలో ఎం.ఎడ్. చేయాలంటే భారత పునరావాస మండలి, అంటే మనం వాడుకలో ఆర్.సి.ఐ. అనే సంస్థ, గుర్తించిన ప్రత్యేక బి.ఎడ్. ఉండాలి. మీలాగా మామూలు బి.ఎడ్. చేసినవారైతే దానికి తోడు ఆర్.సి.ఐ. గుర్తించిన ప్రత్యేక విద్యా డిప్లొమా అయినా ఉండాలి. మార్కులు కనీసం 50 శాతం రావాలి.

ఈ నిబంధన మొదట్లో అడ్డంకిలా కనిపిస్తుంది కానీ, నేను దాన్ని గట్టిగా సమర్థిస్తాను. రెండేళ్ల ఎం.ఎడ్.లో పరిశోధనా పద్ధతులు, పాఠ్యప్రణాళికల రూపకల్పన, ఉపాధ్యాయ శిక్షణ వంటివి చదివి, ఒక పరిశోధన వ్యాసం సమర్పించాలి. ముఖ్యంగా అది రేపు టీచర్లకు పాఠాలు చెప్పబోయేవారి చదువు. మీ తరగతిలోని ఆ ఇద్దరి పక్కన కూర్చుని రేపు ఉదయం ఏం చేయాలో నేర్పేది డిప్లొమా, బి.ఎడ్. స్థాయిలో చేసే ప్రాక్టికల్ పనే.

ఆ పని ఎలాంటిదో నా శిక్షణ రోజుల నుంచి ఒక్క సంగతి చెబుతాను. పదేళ్ల పాపకు గ్లాసులో నీళ్లు పోసుకోవడం నేర్పమని, ముందుగా ఆ పనిని అంచెలుగా విడగొట్టి రాసుకురమ్మని మా సూపర్‌వైజర్ మేడమ్ చెప్పారు. నేను నాలుగు అంచెలు రాశాను: జగ్గు పట్టుకోవాలి, వంచాలి, పోయాలి, కింద పెట్టాలి. ఆవిడ ఆ కాగితం నా చేతికి తిరిగిచ్చేసి, ముందు నన్నే నీళ్లు పోసుకోమన్నారు. రెండో చేత్తో గ్లాసు కదలకుండా పట్టుకోవడం, జగ్గు మూతిని గ్లాసు అంచు మీదికి తేవడం, నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూస్తూ మణికట్టును మెల్లగా వెనక్కి తిప్పడం, ఇలా నాకే తెలియకుండా నేను చేస్తున్నవన్నీ లెక్కపెడితే పదమూడు తేలాయి. ఆ పాపకు మొదటి ఎనిమిదీ వచ్చు. ఎక్కడ ఆపాలన్నదే తెలియక రోజూ బల్లంతా తడిపి తిట్లు తింటోంది. లోపలిది కనిపించే ప్లాస్టిక్ గ్లాసు తెచ్చి, దానికి ఎర్ర రబ్బరు బ్యాండు వేసి, నీళ్లు ఆ గీత దాకా రాగానే ఆపడం నేర్పాం. మూడు వారాలు పట్టింది. కూడికలైనా, అక్షరాలైనా ఈ చూపుతోనే నేర్పాలి. ఇది రాకుండా పరిశోధన వ్యాసం రాసినవారు, నా అనుభవంలో, పిల్లవాడి ఎదుట కూర్చున్నప్పుడు తడబడతారు.

ఇక ఎక్కడ చదవాలన్నది. చెన్నైలోనే ఈస్ట్ కోస్ట్ రోడ్డులో, ముట్టుకాడులో, 2005లో ఏర్పడిన కేంద్రప్రభుత్వ సంస్థ ఉంది. బహుళ వైకల్యాలున్నవారి సాధికారత కోసం పెట్టిన ఆ జాతీయ సంస్థను అందరూ నిప్‌మెడ్ అంటారు. అక్కడ డిప్లొమా, బి.ఎడ్. కోర్సులు నడుస్తాయి, పిల్లలూ రోజూ అక్కడికే వస్తారు కాబట్టి ప్రాక్టికల్స్ కోసం వేరే చోటు వెతుక్కోనక్కర్లేదు. ఉద్యోగం వదలడం కుదరకపోతే, సైదాపేటలోని తమిళనాడు సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలో ప్రత్యేక బి.ఎడ్. నడుపుతూ వస్తోంది. దూరవిద్య అన్నారు కదా అని ఇంట్లో కూర్చుని పుస్తకాలు చదివితే అయిపోదు. తరగతులకు హాజరు కావడం, పాఠశాలల్లో బోధనాభ్యాసం తప్పనిసరి. దానికి మీ యాజమాన్యం నుంచి సెలవుల విషయంలో ముందే రాతపూర్వకంగా మాట తీసుకోండి. ఎక్కడ చేరినా, ఆ ఏడాది ప్రవేశాలకు ఆ కోర్సుకు ఆర్.సి.ఐ. అనుమతి ఉందో లేదో వారి వెబ్‌సైటులో చూసుకున్నాకే ఫీజు కట్టండి. జాతీయ విద్యా విధానం 2020 వచ్చాక డిగ్రీ, బి.ఎడ్. కలిపి చదివే నాలుగేళ్ల సమీకృత కోర్సుల వైపు నిబంధనలు మారుతున్నాయి కాబట్టి నిరుటి సమాచారం మీద ఆధారపడకండి.

డిప్లొమా లేదా బి.ఎడ్. పూర్తయ్యాక కూడా ఎం.ఎడ్. మీద మనసుంటే, మేధో వైకల్యంలో చేయడానికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ, వినికిడి లోపంలో చేయడానికి మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉన్నాయి. ఇవి రోజూ వెళ్లి చదవాల్సిన కోర్సులు. అప్పుడు ఉద్యోగానికి సెలవు పెట్టక తప్పదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది తెలుగింటి బాబు సంగతి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, 2006 నాటి తమిళనాడు చట్టం ప్రకారం తప్పనిసరిగా తమిళం: మూడు లిపుల మధ్య నలిగే పిల్లవాడు చేసే ప్రతి తప్పునూ అభ్యసన వైకల్యం అనుకోకూడదు. ‘కాగితం’ అనే మాటే తీసుకోండి. తమిళంలోనూ దాదాపు అదే మాట. కానీ తమిళ లిపిలో క, గ శబ్దాలకు ఒకే అక్షరం కాబట్టి అందులో మొదటి అక్షరంలోని హల్లును, రెండో అక్షరంలోని హల్లును ఒకేలా రాస్తారు. తమిళం బాగా అలవాటైన బాబు తెలుగులో ‘కాకితం’ అని రాస్తే, అది ఒక లిపి నియమాన్ని ఇంకో లిపికి తెచ్చుకోవడమే తప్ప లోపం కాదు. అలాకాకుండా, అదే పుటలో ‘అమ్మ’ను ఒకచోట సరిగ్గా, ఇంకోచోట ‘అమమ’ అని రాస్తూ, నిన్న చదివిన మాటను ఇవాళ మళ్లీ కొత్తగా కూడబలుక్కుంటూ, మూడు భాషల్లోనూ ఇదే అవస్థ పడుతుంటే, అప్పుడు నిపుణులకు చూపించాలి. నిర్దిష్ట అభ్యసన వైకల్యానికి ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు. మీ తరగతి వయసు సరిగ్గా అదే కాబట్టి మీ పరిశీలన అక్కడ ఎంతో విలువైనది. ఆ బాబు నోటు పుస్తకంలోని తప్పులను తేదీలతో సహా, భాషలవారీగా, ఈ నెల నుంచే ఒక చోట రాసి ఉంచండి. పరీక్ష చేసేవారికి అది పనికొస్తుంది. మీరు ఎం.ఎడ్. దాకా వెళ్తే మీ పరిశోధనకు విషయం కూడా అందులోనే దొరుకుతుంది. చెన్నైలోని తెలుగు పిల్లల మీద అలాంటి పని చేసేవారు కావాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు చేశాను. మా పాఠశాలవారు నన్ను స్పెషల్ ఎడ్యుకేటర్‌గా చూపిస్తూ, ఒకటి నుంచి ఐదు తరగతుల్లోని ముప్పై మంది పిల్లల బాధ్యత అప్పగించారు. ఇది సరైనదేనా?
— పాఠకురాలు, పెరంబూరు

జవాబు: సరైనది కాదు. 1992 నాటి పునరావాస మండలి చట్టం ప్రకారం గుర్తింపు ఉన్న అర్హత సంపాదించి, కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు నమోదు చేయించుకున్నవారే ఆ హోదాలో పనిచేయాలి. సి.ఆర్.ఆర్. నంబరు అని అందరూ అడిగేది దాన్నే. నమోదు లేకుండా పనిచేస్తే ఏడాది వరకు జైలు గానీ, వెయ్యి రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చని ఆ చట్టంలోని 13వ సెక్షన్ చెబుతోంది. యాజమాన్యం మాట విన్నందుకు చిక్కు మీ మీదికే వస్తుంది.

పిల్లల సంఖ్య సంగతికొస్తే, 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున ఉండాలన్నారు. ఆ లెక్కన మీ పాఠశాలకు ముగ్గురు కావాలి. ఈ తీర్పు ప్రతిని జతచేసి ప్రధానోపాధ్యాయులకు ఒక ఉత్తరం ఇవ్వండి. డిప్లొమా పూర్తిచేసి సి.ఆర్.ఆర్. నంబరు తెచ్చుకునేవరకు రికార్డుల్లో మీ హోదాను సహాయ ఉపాధ్యాయురాలిగా మార్పించుకోండి. పిల్లలతో చేస్తున్న పనిని మాత్రం ఆపకండి, అర్హత ఉన్న ఒకరి పర్యవేక్షణలో కొనసాగించండి.