కంప్యూటర్ సందేహాలు: ప్రాసెసర్ కంటే ముందు బోర్డు చూసుకోండి

ప్రశ్న: మాకు ఫోటో స్టూడియో ఉంది. పెళ్లి ఆల్బమ్‌లు, వీడియో ఎడిటింగ్ చేస్తాం. కంప్యూటర్‌లో ఐ5 6500, హెచ్110 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్‌లు రెండు, జీటీఎక్స్ 1050 టీఐ కార్డు ఉన్నాయి. విండోస్ 11 ఎక్కడం లేదు. కొత్త కెమెరా వీడియోలు ఆగి ఆగి నడుస్తున్నాయి. సెకండ్‌హ్యాండ్ ఐ5 8400 దొరుకుతోంది. దాని సాకెట్ కూడా 1151 అనే ఉంది. అది వేస్తే సరిపోతుందా?
ఒక పాఠకుడు, రాజాం

జవాబు: ఆ 8400 కొనకండి. సాకెట్ నంబరు ఒకటే, ప్రాసెసర్ అందులో కూర్చుంటుంది కూడా. కానీ కంప్యూటర్ ఆన్ కాదు. 8వ తరం నుంచి కొన్ని పిన్నులకు కరెంటు అందే తీరును ఇంటెల్ మార్చేసింది. దానికి 300 సిరీస్ చిప్‌సెట్ (బోర్డును నడిపించే ప్రధాన చిప్) ఉన్న బోర్డే కావాలి. మీ హెచ్110 మీద ఐ7 7700 దాటి వెళ్లలేరు, విండోస్ 11 జాబితాలో అదీ లేదు. విండోస్ 10కేమో మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఈ బోర్డు మీద ఇక రూపాయి పెట్టినా దండగే.

ఇప్పుడు మీ చేతిలో విలువైనది ఆ 16 జీబీ డీడీఆర్4 ర్యామే. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో చూశారుగా. అది పనికొచ్చే బోర్డు వైపే వెళ్లండి. దారులు రెండు: ఏఎండీ ఏఎం4 సాకెట్, ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్. ఫోటోషాప్ ఒక్కటే అయితే ఏది తీసుకున్నా తేడా తెలీదు. మీకు వీడియో పని ఉంది కాబట్టి ఇంటెల్‌కే నా ఓటు.

కెమెరా మెనూలో రికార్డింగ్ ఫార్మాట్ చూడండి. హెచ్‌ఈవీసీ, 10 బిట్, 4:2:2 (రంగుల వివరాలు ఎక్కువగా ఉంచి, గట్టిగా కుదించే వీడియో రకం) అని ఉంటే మీ వీడియో ఆగి ఆగి నడవడానికి కారణం అదే. ఆ ఫైలును హార్డ్‌వేర్‌లో విప్పడం 1050 టీఐకి చేతకాదు. రైజెన్ 5 5600లో అసలు గ్రాఫిక్సే ఉండదు. 12వ తరం ఇంటెల్ ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్ మాత్రం ఈ పనిని తేలిగ్గా చేస్తుంది. అందుకని ఐ5 12400 తీసుకోండి. కాస్త తక్కువకే వస్తుందని 12400ఎఫ్ అంటగడతారు. చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టే, మీరు ఏది కోరి మారుతున్నారో అదే పోతుంది.

చాలామంది ఇంకో చోట కూడా దెబ్బతింటారు. విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టగానే చాలా బోర్డులు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌ను ఆపేస్తాయి. బయోస్‌లోకి (బోర్డులోనే ఉండే సెట్టింగుల ప్రోగ్రామ్) వెళ్లి ఐజీపీయూ మల్టీ మానిటర్ అనే సెట్టింగ్ ఆన్ చేయండి. కొన్ని బోర్డుల్లో అది ఐజీడీ పేరుతో ఉంటుంది. తర్వాత ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వేసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్‌కు టిక్ పెట్టండి.

బోర్డు బీ660 గానీ బీ760 గానీ చాలు. ర్యామ్ స్లాట్లు నాలుగు ఉన్నదే అడగండి, రేపు మరో 16 జీబీ కలుపుకోవచ్చు. ఒకే పేరుతో డీడీఆర్4 రకం, డీడీఆర్5 రకం రెండూ అమ్ముతారు. పెట్టె మీద డీడీఆర్4 అనో డీ4 అనో చదివాకే డబ్బులివ్వండి. గాటు వేరే చోట ఉంటుంది కాబట్టి ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో దిగదు.

విశాఖలో కొంటే షాపులోనే పెట్టె విప్పించండి. ఎల్‌జీఏ బోర్డులో పిన్నులు సాకెట్లోనే ఉంటాయి. నల్ల మూత తీయించి, ఫోన్ టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేసి చూడండి. పిన్నుల కొనలన్నీ ఒకే వరసలో మెరవాలి. ఎక్కడైనా ఒక చుక్క పక్కకు జరిగినట్టు మెరిసిందంటే ఆ పిన్ను వంగింది. అలాంటి బోర్డుకు వారంటీ ఇవ్వరు, అక్కడే మార్పించుకోండి. చూశాక మూత మళ్లీ పెట్టించే బస్సెక్కండి. ఆ మూత పారేయకండి, వారంటీకి పంపేటప్పుడు అడుగుతారు.

ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పవర్ సప్లై పెట్టె) కూడా పాతదే అయితే ప్రాసెసర్‌కు వెళ్లే తీగకు 8 పిన్నులున్నాయో లేదో చూడండి. 12400 పూర్తి లోడులో 117 వాట్ల దాకా లాగుతుంది. మంచి కంపెనీ 450 వాట్లది చాలు. ఏళ్ల తరబడి వోల్టేజీ హెచ్చుతగ్గులు తిన్నదాన్ని మాత్రం కొత్త బోర్డుకు తగిలించకండి.

పాత బోర్డు విప్పే ముందే ఫైళ్లు బ్యాకప్ తీసి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో మీ డిస్క్ ఎంబీఆరో జీపీటీయో చూడండి. డిస్క్‌ను భాగాలు చేసే పాత పద్ధతి ఎంబీఆర్, కొత్తది జీపీటీ. ఎంబీఆర్ అయితే కొత్త బోర్డులో విండోస్ బూట్ కాకపోవచ్చు. విండోస్ 10లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో ముందే మార్చుకోండి. విండోస్ లైసెన్సును మీ మైక్రోసాఫ్ట్ ఖాతాకు ముడిపెట్టుకోండి. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు అయితే పాత బోర్డుతోనే పోతుంది, ఆ ఖర్చూ లెక్కలో వేసుకోండి.

1700 సాకెట్‌కు 14వ తరమే ఆఖరు. కోర్ అల్ట్రా 200 సిరీస్‌కు 1851 అనే వేరే సాకెట్ వచ్చింది. ఎప్పుడైనా 13, 14వ తరాల ఐ7 వేయాలనుకుంటే ముందు బయోస్ అప్‌డేట్ చేయండి. వాటిలో వోల్టేజీ ఎక్కువై ప్రాసెసర్ పాడవుతున్న లోపానికి ఇంటెల్ 2024లో ఇచ్చిన సవరణ అందులోనే వస్తుంది. 12400కు ఆ బెడద లేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. కొత్తగా కొంటున్నాం, పాత భాగాలేవీ లేవు. గ్రాఫిక్స్ కార్డు వచ్చే ఏడాది కొంటాం. రైజెన్ 5 5600జీ చాలంటున్నారు. నిజమేనా?
ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: కార్డు ఎప్పటికీ కొనకపోతే చాలమ్మా. కొంటారు కాబట్టి వద్దు. 5600జీ ప్రాసెసర్ గ్రాఫిక్స్ కార్డుతో పీసీఐఈ 3.0 (కార్డుకు, ప్రాసెసర్‌కు మధ్య దారి, పాత తరానిది) వేగంతోనే మాట్లాడుతుంది, పైగా ఏఎం4 సాకెట్‌కు ముందు దారి లేదు. ఏఎం5 బోర్డు, బీ650 రకం, దాని మీద రైజెన్ 5 7600 తీసుకోండి. అందులో చిన్న గ్రాఫిక్స్ ఉంది. ఆటలకు పనికిరాదు కానీ కార్డు వచ్చేదాకా కోడింగ్, చదువు ఆగవు. ఏఎం5కు 2027, ఆ పైన కూడా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ చెప్పింది. అంటే ఉద్యోగం వచ్చాక అబ్బాయి ఇదే బోర్డు మీద ప్రాసెసర్ ఒక్కటి మార్చుకోవచ్చు. 8500జీ జోలికి వెళ్లకండి, అది గ్రాఫిక్స్ కార్డుకు నాలుగు లేన్లే (డేటా వెళ్లే దారులు) ఇస్తుంది.

ఏఎం5కు డీడీఆర్5 తప్పదు. డబ్బు చాలకపోతే ఇప్పటికి 16 జీబీ ఒక్కటే వేయించండి, కార్డు కొన్నప్పుడు రెండోది కలపవచ్చు.

ప్రశ్న: జీడిపప్పు వ్యాపారం లెక్కల కోసం కొత్త ఏఎం5 కంప్యూటర్ బిగించాం. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే లేదు. మూడు నాలుగు సార్లు ఆపి వేశాం. బోర్డు పోయిందా?
ఒక పాఠకుడు, పలాస

జవాబు: ఆపి వేయడమే తప్పయింది. ఏఎం5 బోర్డు మొదటిసారి ర్యామ్‌ను పరీక్షించుకుని సర్దుకుంటుంది. దానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆలోగా తెర నల్లగానే ఉంటుంది. మధ్యలో ఆపితే పని మళ్లీ మొదటికొస్తుంది. యూపీఎస్ మీద పెట్టి, పదిహేను నిమిషాలు ముట్టుకోకండి.

అప్పటికీ రాకపోతే ప్లగ్ తీసి వరసగా చూడండి. ప్రాసెసర్ పక్కన 8 పిన్నుల కేబుల్ పెట్టారా? నాలుగు స్లాట్ల బోర్డులో ర్యామ్ రెండయితే ప్రాసెసర్ వైపు నుంచి 2, 4 స్లాట్లలో ఉండాలి, ఒకటయితే 2లో. కార్డు ఉంటే మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టాలి. ఇవన్నీ సరిగా ఉంటే బయోస్ వెర్షన్‌ను అనుమానించండి. రైజెన్ 9000 వేసి బోర్డు పాత స్టాకయితే అది ప్రాసెసర్‌ను గుర్తుపట్టదు. వెనక ఫ్లాష్ బటన్ ఉంటే పెన్‌డ్రైవ్‌తో మీరే అప్‌డేట్ చేయవచ్చు, లేకపోతే కొన్న షాపుకే తీసుకెళ్లండి.