మేడ మీది కుందేలుకు వడదెబ్బ తగలకుండా ఏం చేయాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. రెండేళ్ల కుందేలును మేడ మీద రేకుల కింద బోనులో పెంచుతున్నాం. మధ్యాహ్నం కాళ్లు బారజాపి పడుకుని గబగబా ఊపిరి తీస్తోంది. మేత తగ్గించింది. ఉరిమితే బోనంతా దూకుతోంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: మేత తగ్గిందంటున్నారు కాబట్టి ఇవాళే పశువైద్యుడికి చూపించండి. కుందేలు 12 గంటలు మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా పేగుల కదలిక మందగించిందని అనుమానించాలి. రేపటిదాకా ఆగితే ప్రాణం మీదికి రావచ్చు.

బోనును మేడ మీంచి దించేయండి. రేకుల కింద నీడే గానీ చల్లదనం ఉండదు. పైన రేకు, కింద స్లాబు రెండూ సెగ కొడతాయి, పొద్దుగూకాక కూడా స్లాబు వేడి చల్లారదు. కుందేలుకు చెమట పట్టదు. ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల నుంచి, ఊపిరితోనే పోవాలి. 15-20 డిగ్రీలైతే దానికి హాయి, 30 దాటితే కష్టం.

కింది అంతస్తులో గాలాడే గదిలో ఉంచండి. లీటరు సీసాలో ముప్పావు వంతు నీళ్లు పోసి గడ్డకట్టించి, నూలుగుడ్డ చుట్టి బోనులో ఒక మూల పెట్టండి. కావాలంటే ఆనుకుంటుంది, వద్దంటే జరుగుతుంది. ఇలాంటివి రెండుంటే మార్చి మార్చి వాడొచ్చు. కూలర్ పెడితే కిటికీలు తెరవాల్సిందే. మూసిన గదిలో తేమ పేరుకుంటే ఊపిరితో వేడి బయటికి పోదు. నీళ్లకు బరువైన మట్టి మూకుడు మంచిది. రెండు కిలోల కుందేలు మామూలుగానే రోజుకు 100-300 మి.లీ. తాగుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువే కావాలి.

నోరు తెరిచి రొప్పుతున్నా, చొంగ కారుతున్నా, తూలుతున్నా అది వడదెబ్బే. మామూలు చల్లటి నీళ్లలో గుడ్డ తడిపి చెవులకు, పాదాలకు అద్దుతూ ఆసుపత్రికి బయల్దేరండి. ఐసు నీళ్లలో ముంచొద్దు, చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే నిలిచిపోతుంది. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాస్త తేరుకున్నా సరే డాక్టరుకు చూపించాలి. లోపలి అవయవాలు దెబ్బతిన్న సంగతి ఆలస్యంగా బయటపడుతుంది.

ఉరుముల వేళ దాక్కోవడానికి రెండువైపులా దారి కోసిన అట్టపెట్టెలో ఎండుగడ్డి వేసి ఇవ్వండి. బోనుకు మూడువైపులా దుప్పటి కప్పి, ముందువైపు గాలికి వదలండి. జాలేసి ఎత్తుకోబోవద్దు. బెదిరిన కుందేలు వెనక కాళ్లతో బలంగా తన్నుకుంటుంది, ఆ విసురుకు దాని వెన్నెముకే విరగొచ్చు. ఎత్తక తప్పకపోతే ఒక చెయ్యి ఛాతీ కింద, మరొకటి పిరుదుల కింద ఆన్చి ఒంటికి హత్తుకోండి. చెవులు పట్టి మాత్రం ఎప్పుడూ ఎత్తకండి.