దారం నేయరు, వడుకుతారు

సందేహం: సాయంత్రం పనులయ్యాక ఓ అరగంట తకిలీ (చేత్తో తిప్పే చిన్న కదురు) పట్టుకుని మెత్తటి ఉన్నితో దారం తీయడం నాకు కొత్తగా అలవాటైంది. రోజంతా ఉన్న టెన్షన్ దిగిపోతోంది. దీని గురించి స్నేహితులకి చెబుతూ "దారం నేస్తున్నాను" అని రాశాను. ఒకరు "పేనుతున్నాను" అనాలన్నారు, ఇంకొకరు "వడకుతున్నాను" అన్నారు. ఆ చివరి మాట నాకు చలికి వణకడంలా వినిపిస్తోంది. ఏది సరైనది? ఉన్నితో తీసినదాన్ని నూలు అనొచ్చా? ఫైబర్‌కి, హాబీకి తెలుగులో ఏమనాలి?

సమాధానం: మీరు చేస్తున్నది వడకడమేనండి. నేయడానికి మగ్గం కావాలి, పడుగూ పేకా (నిలువు పోగులూ అడ్డపోగులూ) కావాలి, చివరికి బట్ట రావాలి. పేనడమంటే అప్పటికే ఉన్న పోగుల్ని రెండో మూడో కలిపి మెలిపెట్టడం, తాడు పేనినట్టు. మీరు వడికిన రెండు పోగుల్ని కలిపి ఒక్కటి చేస్తే అప్పుడు నిస్సంకోచంగా "పేనాను" అనండి (వడికినప్పుడు ఎటు తిప్పారో పేనేటప్పుడు దానికి ఎదురు దిక్కుకి తిప్పాలి, లేకపోతే పోగు ఉంగరాలు చుట్టుకుంటుంది). విడివిడిగా ఉన్న దూదిని, ఉన్నిని లాగుతూ, పురి (మెలి) ఎక్కిస్తూ పోగు చేయడానికి మాత్రం తెలుగులో స్థిరపడిన క్రియ వడకడమే.

ఇక రాయడం ఎలా అన్నది. చాలామంది "వడకుతున్నాను" అని రాస్తారు గానీ వడుకుతున్నాను అన్నదే మేలు. ఉతుకు, వెతుకు, కడుగు అనే క్రియల్ని పక్కన పెట్టుకుని చూడండి: ఉతుకుతాను, ఉతికాను, ఉతకడం. వెతుకుతాను, వెతికాను, వెతకడం. అలాగే వడుకుతాను, వడికాను, వడకడం. మధ్య అచ్చు పక్కనున్నదాన్ని బట్టి మారిపోతుంటుంది, మనం నోటితో రోజూ తప్పు లేకుండా చేస్తున్న పనే ఇది. వణకడం కూడా సరిగ్గా ఇదే దారిలో నడుస్తుంది కాబట్టి మీ చెవికి రెండూ ఒకటిగా వినిపించడంలో వింతేమీ లేదు. పైగా పాత కావ్యాల్లో వణకడానికి "వడఁకు" అనే రూపం కూడా ఉంది, అరసున్నతో. ఇప్పుడు ఆ అర్థంలో వణుకు ఒక్కటే మిగిలింది కాబట్టి "వడుకుతున్నాను" అంటే చలేసిందనుకునేవాళ్ళు ఉండరు.

ఈ క్రియలో నాకు బాగా నచ్చేది ఇంకోటుంది. దూది వడికాను అంటాం, నూలు వడికాను అంటాం, రాట్నం వడికాను అని కూడా అంటాం. మొదటిది ముడిసరుకు, రెండోది తయారైనది, మూడోది పనిముట్టు. మూడూ కర్మలుగా కుదిరిపోయాయి, మూడూ తప్పు కాదు.

నూలు మాటకొస్తే కొంచెం జాగ్రత్త కావాలి. ఇది చాలా ద్రావిడ భాషల్లో ఉన్న పాత మాట, తమిళంలో నూల్ అంటే పోగూ అవుతుంది, పుస్తకమూ అవుతుంది. తెలుగులో మాత్రం "నూలు బట్ట" అనగానే పత్తి బట్ట అనే అర్థం చేసుకుంటాం. అందుకని మీరు తీస్తున్నదాన్ని ఉన్ని దారం అనో, ఉన్ని పోగు అనో అనండి, వినేవాళ్ళకి తికమక ఉండదు. సన్నదనం చెప్పడానికి నూలుకి నంబరు వాడతారు: ఒక పౌండు నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అన్నో నంబరు. నూరో నంబరంటే పౌండుకి 84,000 గజాలు. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది.

ఫైబర్‌ని ఒకే మాటలోకి దించడానికి నేను ఒప్పుకోను. పీచు అంటే కొబ్బరి పీచులా ముతకగా తోస్తుంది. నార అంటే జనుము, గోగు లాంటి కాండాల నుంచి వచ్చేది. పత్తికైతే పింజ అనే చక్కటి మాట ఉంది, పొడవు పింజ పత్తి అని రైతులు రోజూ అంటుంటారు, దూదిపింజ అనే మాట అందరికీ తెలుసు. ఉన్నికి అంత ఇబ్బందే లేదు, "సన్న ఉన్ని" అంటే చాలు.

ఏకు అనే మాటని మాత్రం దయచేసి వదులుకోకండి. దూదిని ఏకి, అంటే చిక్కులు విడేలా దువ్వి, వేలంత లావున మెత్తగా చుట్టినది ఏకు. "ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు" అనే సామెతలోది ఇదే. ఒకసారి ఏకు పట్టుకుని చూస్తే సామెత చేతికే తెలుస్తుంది, ఊపిరి తగిలితే కదిలేంత మెత్తగా ఉంటుంది. ఎవరినైనా చెడామడా తిడితే "ఏకిపారేశాడు" అంటాం చూడండి, అదీ ఈ పనిలోంచి వచ్చిన మాటే. ఇక పురి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పోగు వదులుతున్నప్పుడు గమనించండి, పురి ఎప్పుడూ సన్నగా ఉన్నచోటికే పరుగెడుతుంది, లావుగా ఉన్నచోట నిలవదు, అక్కడ ఉన్ని ఉబ్బుగానే ఉండిపోతుంది. పురి తక్కువైతే పోగు జారి విడిపోతుంది, ఎక్కువైతే మెలికలు పడుతుంది. "ట్విస్ట్ సరిపోలేదు" అని రాసేబదులు "పురి చాలలేదు" అంటే ఇదంతా అందులోకి వచ్చేస్తుంది.

హాబీని హాబీ అనే అనండి, తప్పేం లేదు. తెలుగు మాటే కావాలంటే వ్యాపకం బాగుంటుంది. అభిరుచి అంటే ఇష్టం వరకే, పాటలంటే అభిరుచి ఉన్నవాళ్ళంతా పాడరు కదా. కాలక్షేపం అనొద్దు, ఇంత శ్రద్ధగా చేసేదాన్ని అలా అంటే నాకు మనసొప్పదు. అలసట పోతోందని చెప్పడానికి "సేద తీరుతున్నాను" అనొచ్చు. సేద అంటే విశ్రాంతి అనుకోకండి, బడలిక అని అర్థం, తీరేది ఆ బడలికే.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: "సాయంత్రం పనులయ్యాక ఓ అరగంట తకిలీ మీద ఉన్ని వడుకుతూ సేద తీరతాను."