మహిళల హక్కులకు నిధులిచ్చే పని: అదీ ఉద్యోగమే

ప్రశ్న: మా అమ్మాయి బీఏ చివరి సంవత్సరంలో ఉంది. మహిళల హక్కుల కోసం పనిచేసే సంఘాలకు నిధులిచ్చే ఫౌండేషన్‌లో చేరి, ఎప్పటికైనా అలాంటిదాన్ని నడపాలంటోంది. ఇది ఉద్యోగమేనా? మాకు టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఉద్యోగమేనండీ, జీతమూ వస్తుంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద ఖర్చు పెట్టాలి. ఏయే పనులకు పెట్టవచ్చో చెప్పే జాబితాలో స్త్రీ పురుష సమానత్వమూ ఉంది. ఎవరికివ్వాలి, ఇచ్చింది ఏమవుతోంది అని చూసే మనుషులు వాళ్లకు కావాలి. మొదట్లో సాఫ్ట్‌వేర్ జీతాలు మాత్రం ఆశించకండి.

అసలు కష్టం వేరే ఉంది. కుట్టుమిషన్లు పంచుతామంటే డబ్బు తేలిగ్గా వస్తుంది, ఫొటోలూ బాగుంటాయి. గృహహింస కేసు వేసిన మనిషి వాయిదా వాయిదాకీ కోర్టుకెళ్లే ఆటో ఖర్చు, ఆమె పక్కన కూర్చునే కౌన్సెలర్ జీతం, ఆఫీసు అద్దె, ఫోన్ బిల్లు... బడ్జెట్‌లో ముందు కొట్టేసేవి ఇవే. కౌన్సెలర్ వెళ్లిపోతే కేసు మధ్యలో ఆగుతుందని బోర్డుకు నచ్చజెప్పి, ఆ ఖర్చును బడ్జెట్‌లో నిలబెట్టేవాళ్లే నా దృష్టిలో ఈ రంగంలో నాయకులు.

అందుకే నేరుగా డబ్బిచ్చే కుర్చీలోకి వెళ్లొద్దనే చెబుతాను. ముందు మూడు నాలుగేళ్లు డబ్బు అడిగే వైపు పనిచేయాలి. హైదరాబాద్‌లో అందుకు చోటుంది: హెల్ప్‌లైన్ నడిపే భూమిక, 1985 నుంచి స్త్రీల సమస్యలపై పరిశోధన చేస్తున్న అన్వేషి. ప్రపోజల్ రాయడం, ఖర్చుల లెక్క అప్పజెప్పడం, ఆడిట్ రిపోర్టు చదవడం అక్కడే వంటబడతాయి. పాతబస్తీలో పనిచేయాలంటే ఉర్దూ రావాలి.

చట్టాలూ తెలియాలి. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏను, అంటే విదేశీ విరాళాల చట్టాన్ని, సవరించాక, విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదు. పరిపాలన ఖర్చు ఆ విరాళంలో 20 శాతం దాటకూడదు. పెద్ద సంస్థల ద్వారా డబ్బు అందుకునే చిన్న ఊరి సంఘాలకు ఇది గట్టి దెబ్బ. వాటిని దేశంలోని దాతలతో కలిపేవాళ్ల అవసరం ఇప్పుడు చాలా ఉంది.

చదువుకు టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) హైదరాబాద్ క్యాంపస్, హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) చూడండి. పీజీ ప్రవేశానికి సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. పరీక్షలయ్యాక ఈ వేసవిలో రెండు నెలలు ఏదైనా మహిళా సంఘంలో ఇంటర్న్‌గా పంపండి. కేసుల మధ్య కూర్చున్నాక కూడా ఇదే కావాలంటే, అప్పుడు ఫారం నింపించండి.